ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు

వరంగల్, మండిబజార్
ఆగస్టు 11

తమ్ముడు కుమారస్వామికి నయీముద్దీన్ దీవెనలు.

నీ ఆంప్లిఫయర్ చేరింది. నర్సంపేట బస్సు కండక్టర్ కార్టన్ దించుతూ ముక్కు మూసుకున్నాడు. మూత తీయగానే వంటింట్లోంచి మీ వదిన రజియా పరుగెత్తుకొచ్చి, "ఏం కాలబెట్టినవయ్యా?" అంది. కాల్చింది నేను కాదు, నర్సంపేటలో ఉన్న నా శిష్యుడని చెప్పాను. "గాయన గిట్ల నీ తీరే తయారైండా?" అని లోపలికి పోయింది.

నువ్వు ఫోన్ చేశావట. నలభై ఏళ్లు ఈ పెద్ద స్పీకర్లు, వూఫర్ల ముందు కూర్చున్న చెవులివి. ఫోన్ ఆనిస్తే గుయ్ మనడం తప్ప ఏమీ వినపడదు. నువ్వు పంపే వాయిస్ మెసేజ్‌లు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పోనీ టైపు చెయ్యరా అంటే "ఓకే అన్నా" తప్ప ఇంకో ముక్క రాయవు. కాబట్టి ఇకమీదట చెప్పేదేదైనా కాగితం మీద రాసి కార్టన్‌లో పెట్టు. నేనూ అలాగే పంపుతాను.

లోపల ట్రాన్సిస్టర్లు నాలుగూ మాడిపోయాయి, మార్చాను. ఇప్పుడు జర మనసు పెట్టి చదువు. ఆంప్ అడుగున రెండు ఓమ్స్‌కు తగ్గకూడదని రాసి ఉంది. ఓమ్ అంటే అడ్డు. అడ్డు తగ్గినకొద్దీ వూఫర్ ఆంప్ నుంచి కరెంటు ఎక్కువ గుంజుకుంటుంది. నీ వూఫర్‌కు రెండు కాయిళ్లు, ఒక్కొక్కటి రెండు ఓమ్స్. నువ్వు రెండింటినీ ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపావు కదూ? అలా కలిపితే అడ్డు ఒక్క ఓమ్‌కు పడిపోతుంది. ఆంప్ మాడకుండా ఏం చేస్తుంది?

మొదటి కాయిల్ నలుపును తెచ్చి రెండో కాయిల్ ఎరుపుకు కలపాలి. మిగిలిన ఎరుపు, మిగిలిన నలుపు మాత్రం బయటికి రావాలి. అప్పుడు రెండూ ఒకదాని వెనుక ఒకటి నడిచి నాలుగు ఓమ్స్ అవుతాయి. బొమ్మ గీసి పంపుతున్నాను. గోడకు అంటించుకో.

కిషన్ రావు కారులో ఈ పాటల సెట్టు బిగించడం నీ షాపుకు వచ్చిన మొదటి పెద్ద పని. దీపావళి దాటగానే ఆయన మేనల్లుడి పెళ్లి. పెళ్లికి వచ్చినవాళ్లంతా ఆ బండి మోత వింటారు. బాగుంటే నీ షాపు నిలబడుతుంది, మాడిపోతే మూతపడుతుంది. పైగా బోర్డు మీద "వరంగల్ నయీముద్దీన్ ఉస్తాద్ శిష్యుడు" అని రాయించావు. నీతోపాటు నా పేరు కూడా కమురు వాసన కొడుతోంది.

నీ భార్య, నా చెల్లెలు లాంటి సరోజనను అడిగానని చెప్పు.

నీ అన్న,
నయీముద్దీన్


నర్సంపేట
ఆగస్టు 29

ఉస్తాద్ నయీమన్నకు కుమారస్వామి నమస్కారాలు.

అన్నా, కోపం చేసుకోకుండా చదువు. మళ్లీ కాలింది.

నువ్వు చెప్పింది నిజమే, మొదటిసారి నేను అర్థం చేసుకోకుండానే చేశాను. రెండు కంటే ఒకటి చిన్నది కాబట్టి ఆంప్ మీద బరువు తగ్గుతుందనుకున్నాను. ఎంత తక్కువైతే అంత బరువని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఈసారి అలా చేయలేదు. నీ బొమ్మ గోడకు అంటించుకుని, దాని కిందే కూర్చుని, మొదటి కాయిల్ నలుపును రెండో కాయిల్ ఎరుపుకు కలిపాను. దేవుడి మీద ఒట్టు.

వూఫర్‌ను బాక్సు మీద ఉత్తగా ఆనించి వాయిస్తే మెత్తగా మోగింది. సరోజన అంచు బిగించి బాక్సు మూశాక చూడాలి అన్నా, ఆ మోతకు పక్క టీ కొట్టులో సాసర్లు కదిలాయి. కిషన్ రావు నా భుజం తట్టి, "కుమారస్వామీ, గిదిరా మోతంటే" అని బండి తీసుకుపోయాడు. నెక్కొండ దాకా పోయి వచ్చేలోపు ఆంప్ మీద ఎర్ర లైటు పడి నోరు మూసుకుంది. ఆయన తిరిగొచ్చి నా ముఖం కూడా చూడలేదు. తాళంచెవి బల్ల మీద విసిరేసి, "ఇంకొక్కసారి చూస్త. మల్ల కాలితే హైదరాబాద్‌ల చేయించుకుంట. ఎందుకు పోయిననో ఊరంత చెప్త" అన్నాడు.

సరోజన సంగతి అడిగావు. మగ్గాలు అమ్మేసి వరంగల్ కొత్తవాడ వదిలాక ఏడాదిపాటు ఆమె ఎలా ఉందో నీకు తెలుసు. గోడకు ఆనుకుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చునేది. తను పుట్టిన ఊరు ఈ నర్సంపేటకు తెచ్చినా మారలేదు. షాపు పెట్టాక ఒకరోజు, "ఈ డబ్బకు గా నల్ల గుడ్డ ఏం కప్పుతవయ్యా, పీనుగ మీద కప్పినట్టు" అని తనే మేం మగ్గం మీద నేసిన చారల జంపఖానా ఒకటి కోసి వూఫర్ బాక్సుకు అతికించింది. ఇప్పుడు మా షాపు బాక్సంటే జంపఖానా బాక్సే. నేను వైర్లు కలిపి పెడతాను, తను గుడ్డ అంచు వూఫర్ రింగు కిందికి దోపి స్క్రూలు బిగిస్తుంది. తన చెయ్యి పడ్డాకే పని పూర్తయినట్టు. ఈమధ్య పాటలు కూడా పాడుకుంటోంది.

నీ ఆంప్‌లోనే ఏదైనా లోపం ఉందేమో చూడు అన్నా. నా చేతిలో మాత్రం లేదు.

నీ తమ్ముడు,
కుమారస్వామి


వరంగల్
సెప్టెంబర్ 2

కుమారస్వామికి,

నా ఆంప్‌లో లోపమా? భేష్.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రజియా చేత ఒకసారి చదివించుకున్నాను, నా కళ్లు కూడా చెవుల దారి పట్టాయేమోనని. లేదు, అదే రాశావు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టుంది.

ఆంప్ విప్పాను. పోయినసారి ఏ నాలుగు పోయాయో ఈసారీ అవే. ఒక్క ఓమ్ మీద నడిస్తే ఇలాగే కాలుతుంది, ఇంకే కారణానికీ ఇలా కాలదు. బల్ల మీద నాలుగు ఓమ్స్ పెట్టి ఒక రోజంతా వాయించాను. గోరువెచ్చగా కూడా కాలేదు. నా చెవులకు వినపడకపోయినా చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది.

నలభై ఎనిమిదో ఏట నువ్వు మగ్గం వదిలి నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినప్పుడు బజారంతా నవ్వింది. "ముసలి శిష్యున్ని దొరకవట్టినవ్ నయీంభాయ్" అన్నారు. నేను నవ్వలేదు. పోగులు పట్టిన వేళ్లు వైర్లు పట్టలేవా అన్నాను. ఆ మాట నిలబెట్టు.

కార్టన్‌లో ఓమ్స్ కొలిచే నా సొంత మీటర్ పంపుతున్నాను. నా చేతిలో ఇరవై ఏళ్లుగా ఉన్నది, పడెయ్యకు. వైర్లు కలిపాక దాని రెండు పిన్నులూ బయటికి వచ్చే ఎరుపు మీద ఒకటి, నలుపు మీద ఒకటి పెట్టు. నాలుగుకు అటూ ఇటూగా చూపిస్తే సరిగ్గా కలిపావని అర్థం. ఒకటి చూపిస్తే విప్పి మళ్లీ కలుపు. చూసిన అంకె కాగితం మీద రాసి పంపు. నీ ఒట్లు నాకు అక్కర్లేదు.

నయీముద్దీన్


నర్సంపేట
సెప్టెంబర్ 20

ఉస్తాద్ నయీమన్నకు నమస్కారాలు.

మూడు పాయింట్ ఏడు!

పెద్దక్షరాలతో రాశాను, చూసుకో. వైర్లు కలిపి, వూఫర్ పక్కనే బోర్లించి, నీ మీటర్ పెట్టాను. మూడు పాయింట్ ఏడు. నమ్మకం కుదరక పిన్నులు తుడిచి మళ్లీ పెట్టాను. మూడు పాయింట్ ఏడే. టీ కొట్టు శోభారాణిని కూడా పిలిచి చూపించాను. ఆమె, "మంచిదే గని అన్నా, గిది నాకెందుకు చూపిస్తానవ్?" అని పోయింది.

ఆ తర్వాత నేను చాయ్ తాగి వచ్చేసరికి సరోజన బాక్సు మూసేసింది. ఈసారి ఎరుపూ నీలం చారల జంపఖానా. కిషన్ రావు రెండు రోజులు బండి నడిపాడు. నిన్న దారిలో కనబడితే చెయ్యి కూడా ఊపాడు. ఈసారి నీ ఆంప్‌కు, నా చేతికి, రెండింటికీ శాంతి దొరికింది. పోయిన ఉత్తరంలో నువ్వన్న మాటలన్నీ మరిచిపోయాను.

21వ తేదీ

ఈ ఉత్తరం పోస్టులో వేద్దామని బయటికి వస్తుంటే కిషన్ రావు బండి షాపు ముందు ఆగింది. పాట లేదు, మోత లేదు. అద్దం దించగానే వాసన వచ్చింది.

పైన రాసింది కొట్టేయడం లేదు. మూడు పాయింట్ ఏడు చూశాను అన్నా. నా కళ్లతో చూశాను. కాగితాన్ని కాలిన ఆంప్‌తోపాటే కార్టన్‌లో పెడుతున్నాను.

కుమారస్వామి


వరంగల్
సెప్టెంబర్ 25

కుమారస్వామి గారికి,

మూడు పాయింట్ ఏడు ఉంటే ఈ ఆంప్ కాలదు. నా మీటర్ ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. దాన్ని పట్టుకున్నవాడు చెప్పాడు.

కొలవలేదని రాసి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ని. పని ఇంకా రాలేదని చెప్పి ఉంటే ఈ వయసులో కూడా బస్సెక్కి వచ్చి నేర్పేవాణ్ని. పని రాకపోవడం తప్పు కాదు. రాని పనిని వచ్చిందని, చూడని అంకెను చూశానని ఉస్తాద్‌కు రాసి పంపడం నేను భరించలేను. శోభారాణిని సాక్ష్యానికి పిలిచారట. అబద్ధానికి సాక్షి కూడానా?

ఆంప్ బాగుచేశాను, పంపుతున్నాను. ఇదే ఆఖరు. బోర్డు మీద నుంచి నా పేరు తుడిపేయండి.

నయీముద్దీన్


నర్సంపేట
అక్టోబర్ 3

నయీముద్దీన్ గారికి,

మీ ఉత్తరం చేరింది. వూఫర్ విప్పి లోపల చూశాను. చూసింది రాయను. మీరు అబద్ధాలకోరు అన్నారు, అలాగే ఉండనివ్వండి.

ఆంప్, వూఫర్, మీ మీటర్ ఈ కార్టన్‌లో ఉన్నాయి. కిషన్ రావు గారిని బతిమాలుకున్నాను, బండి మీ దగ్గరికే వస్తుంది. పెళ్లిలోపు మీ చేత్తో మీరే చేసి ఇవ్వండి. ఆయన పని నా వల్ల చెడిపోకూడదు.

నేను షాపు మూసేస్తున్నాను. హైదరాబాద్‌లో మా బావమరిది చెప్పిన అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని ఉంది. దీపావళిలోపు ఏదో ఒకటి చెప్పమన్నారు. వస్తానని చెప్పేస్తాను. బోర్డు మీద మీ పేరు తుడవమని సరోజనకు చెప్పాను.

మీరు నేర్పిన పనికి రుణపడి ఉన్నాను.

కుమారస్వామి


నర్సంపేట
అక్టోబర్ 3

నయీమన్నకు సరోజన దండాలు.

ఈ ఉత్తరం ఆయనకు తెల్వకుంట మిగిలిన జంపఖానా ముక్కల, గా తుకుడాల పెట్టి కుట్టిన. వూఫర్‌కు దెబ్బ తాకకుంట చుట్టిన తుకుడనే. రజియా వదిన కుట్టు చూసి విప్పుతదని నాకు నమ్మకం. నాకు మీలెక్క రాసుడు రాదు అన్నా. మాట్లాడినట్టే రాస్తాన.

నువ్వు ఆయనను అబద్ధాలకోరు అన్నవట. వారం దినాల సంది అన్నం సరిగ తింటలేడు. నాతోని గూడ మాట్లాడతలేడు. మొన్న వూఫర్ విప్పి, లోపలికి చూసుకుంట అట్లనే కూసున్నడు. ఏందయ్యా అంటే నా మొకం దిక్కు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నడు. ఇగ షాపు మూస్తడట, హైదరాబాద్ పోయి గేటు కాడ కూసుంటడట. ముప్పై ఏండ్లు మగ్గం నేసిన మనిషి, గేటు తీసుకుంట పెట్టుకుంట బతుకుతడా? మల్ల నేనేం జెయ్యాలె ఆడ, గోడకానుకొని కూసోవాల్నా?

ఒక్క మాట చెప్తా, నీ కడుపుల పెట్టుకో. ఆయన అబద్ధం ఆడలే. గని ఆయనకు వైర్లు కలుపుడు ఇంకా రాలే అన్నా. మొదటిసారి మంచిగనే కలిపిండు. నీ ఉత్తరం వచ్చినంక ఏమైందో ఏమో, రెండుసార్లు గూడ ఒకటే తప్పు చేసిండు. ఒక దిక్కు నల్లది తెచ్చి ఇంకో దిక్కు ఎర్రదానికి కట్టిండు. గోడ మీద బొమ్మ పెట్టుకొని గూడ గదే తప్పు! చూసి నాకే సిగ్గనిపించింది.

మా అత్త ఒక పద్ధతి పెట్టింది. పోగు తెగితే ఏ రంగు పోగుకు ఆ రంగు పోగే ముడెయ్యాలె. ఎవరన్న తప్పు ముడేస్తే, చూసినోళ్లు సప్పుడు చెయ్యకుంట విప్పి, సరిచేసి పోవాలె. చెప్పొద్దు. చెప్తే చేసినోళ్ల చెయ్యి ఒణుకుతది, మల్ల పని సక్కగ రాదు అనేది. ఆయన నేసినదాంట్ల నేను సరిచేసినయి ఎన్నో, నేను నేసినదాంట్ల ఆయన సరిచేసినయి ఎన్నో. ఒక్కటి గూడ ఒకలకొకలం చెప్పుకోలే.

గందుకే ఆయన చాయ్‌కు పోంగనే, అంచు దోపెటప్పుడు, నేనే విప్పి ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది సక్కగ ముడేసిన. రెండుసార్లు గూడ. నేను సరిచేసినంక మోత ఎంత పెరిగిందో తెలుసా? ఆయన మొకం ఎలిగిపోయింది. కిషన్ రావు భుజం తట్టిండు. నేను మూలకు నిలవడి నవ్వుకున్న.

అంటే అన్నా, వైర్ల తప్పు నేను చూసుకున్న. ఇగ ఉన్న తప్పు నీ మిషన్‌లనే ఉంది. ఆయనను తిట్టుడు బంద్ చేసి, నీ మిషన్‌ను జర మంచిగ చూడు. నేను రాసిన అని ఆయనకు చెప్పకు, నీకు దండం పెడత.

చెల్లె,
సరోజన


వరంగల్
అక్టోబర్ 8

తమ్ముడు కుమారస్వామికి నయీముద్దీన్ దీవెనలు.

తప్పు నాది.

ఈ రెండు మాటలు రాయడానికి నాకు మూడు రోజులు, ఐదు కాగితాలు పట్టాయి. రజియా పక్కన కూర్చుని, "రాయి, రాస్తే చెయ్యేం విరిగిపోదు" అంటూనే ఉంది. నలభై ఏళ్లలో ఏ శిష్యుడికీ ఈ మాట రాయలేదు. నీకు రాస్తున్నాను, దాచుకో.

నేను గీసి పంపిన బొమ్మలో తప్పుంది. ఏ తప్పని అడగకు. అడిగినా చెప్పను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించిందని మాత్రం చెప్తాను. ఎవరిని తిట్టాలో తెలియక ఇంట్లో ఉన్న ఫ్యాన్‌ను తిట్టాను.

నువ్వు చూసింది మూడు పాయింట్ ఏడే. నిన్ను అబద్ధాలకోరు అన్న నోటితోనే చెప్తున్నాను, నువ్వు చూశావు. ఆ మాట రాసినందుకు నాకు సిగ్గుగా ఉంది. నువ్వు పక్కన ఉంటే చెయ్యి పట్టుకునేవాణ్ని.

కిషన్ రావు బండి నేను ముట్టుకోను. అది నీ షాపు పని, నీ షాపులోనే అవుతుంది. వచ్చిన సామాను అంతా తిరిగి పంపుతున్నాను. వూఫర్ చూసి కంగారు పడకు. నాలుగు కొసలకూ రంగు చూసుకో. మొదటి కాయిల్ ఎరుపు ఎరుపుగానే ఉంది. రెండో కాయిల్ నలుపు నలుపుగానే ఉంది. మిగిలిన రెండు కొసలకూ పచ్చ రంగు పూశాను. పచ్చ తొడుగు వేసిన వైరుతో వాటిని కలిపి టంకం పెట్టాను. బయటి నుంచి వచ్చే ఎర్ర వైరు ఎరుపుకు, నల్ల వైరు నలుపుకు పోతుంది. ఏ రంగుకు ఆ రంగే. ఇక ఆ లోపల ఎవరూ, ఎవరూ అంటే ఎవరూ, విప్పాల్సిందీ ముడెయ్యాల్సిందీ ఏమీ లేదు.

ఇకముందు రెండు కాయిళ్ల వూఫర్ ఏది వచ్చినా ఇలాగే రంగు వెయ్యి. మా వాకిలి తలుపుకని తెచ్చిన పచ్చ రంగు డబ్బా కార్టన్‌లో పెట్టాను. రజియా తలుపు సగం పచ్చగా, సగం తుప్పుతో ఉంది, అందుకు ఆమె తిట్లు వేరే.

ఇంకొకటి. బాక్సు మూసి, ఆఖరి స్క్రూ బిగించాక, బయట వైర్లు తగిలించే టెర్మినల్ దగ్గర మీటర్ పెట్టి చూడు. మూయకముందు చూస్తే చాలదు. ఇది మొదటి రోజే నేను చెప్పాల్సింది, చెప్పలేదు. ఇది మాత్రం నిజంగా నా తప్పే.

వాచ్‌మన్ పనికి రానని చెప్పెయ్యి. బోర్డు మీద నా పేరు తుడిపేసి ఉంటే మళ్లీ రాయించు, పోయినసారి కంటే పెద్దగా.

నీ అన్న,
నయీముద్దీన్

ఈ కింది ముక్క సరోజనకు:

చెల్లే, నీ తుకుడా చేరింది. రజియా నీ కుట్టు మెచ్చి, దాన్ని కుర్చీ మీద వేసుకుంది. మిషన్‌ను జర మంచిగనే చూశాను.


నర్సంపేట
అక్టోబర్ 15

నయీమన్నకు కుమారస్వామి నమస్కారాలు.

ఈసారి కార్టన్ లేదు. కాలిన ఆంప్ లేదు కాబట్టి ఉత్తరం ఒక్కటే పోస్టులో వస్తోంది.

నువ్వు చెప్పినట్టే వూఫర్ బిగించాం. సరోజన ఆఖరి స్క్రూ తిప్పాక బయట మీటర్ పెట్టాను. మూడు పాయింట్ ఏడు. బండి ఆరు రోజులుగా తిరుగుతోంది. మోత మునుపటికంటే తగ్గిందని కిషన్ రావు మొదట మూతి ముడిచాడు. "మోత కావాల్నా, పెండ్లి దాక ఉండుడు కావాల్నా?" అని సరోజనే అడిగింది. ఆయన బండెక్కి పోయాడు. నిన్న తన బావ బండి కూడా పంపించాడు. హైదరాబాద్‌కు రానని చెప్పేశాను.

ఇక నీ బొమ్మ సంగతి. అందులో తప్పుందన్నావు. అది ఇప్పటికీ నా గోడకే ఉంది అన్నా. పొద్దున్నుంచి దాని ముందు నిలబడి వెతుకుతున్నాను. తప్పెక్కడుందో ఒక్కసారి వచ్చి చూపించు.

నీకెలా తెలిసిందో నేను అడగను. నాకెలా తెలిసిందో చెప్తాను. వూఫర్ విప్పినప్పుడు లోపల వైర్లు పేనిన తీరు నాది కాదు. కొస లోపలికి దోపి, బొటనవేలితో నొక్కిన ముడి. ఆ ముడిని ముప్పై ఏళ్లు మగ్గం మీద చూశాను. పక్క మగ్గం ఆమెదే.

అడుగుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్న ఆ ఏడాది గుర్తొచ్చింది. "నీ చేతి మీదుగానే రెండుసార్లు కాలింది" అని ఆమెతో అంటే ఆ చెయ్యి మళ్లీ ఏ పనికీ ముందుకు రాదని భయమేసింది. షాపు పోతే పోనీ అనుకున్నాను. నువ్వన్న మాట మాత్రం పచ్చి కారం పూసినట్టు మండింది. ఎదురు చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, గుడ్లు మిటకరించి గోడ చూస్తూ పడుకున్నాను. నువ్వు తప్పు నీ నెత్తిన వేసుకున్న ఉత్తరం చదివి ఏడ్చాను. సరోజన చూసి, "ఏమైంది, మల్ల కాలిందా?" అంది.

ఆమెకు ఏమీ తెలియదు. తెలియనివ్వకు.

బోర్డు మీద నీ పేరు మళ్లీ రాయాలి. పెయింటర్ సాంబయ్య వచ్చే సోమవారం వస్తానన్నాడు.

నీ తమ్ముడు,
కుమారస్వామి


నర్సంపేట
అక్టోబర్ 16

నయీమన్నకు, రజియా వదినకు సరోజన దండాలు.

అన్నా, ముప్పై ఏండ్లు రంగులతోనే బతికినదాన్ని. రంగు మీద రంగు పూస్తే నాకు తెల్వదనుకున్నవా? స్క్రూలు బిగించకముందు పచ్చ రంగును గోరుతోని గీకి చూసిన. ఒకదాని కింద ఎర్రది, ఒకదాని కింద నల్లది. ఆయన కట్టి పెట్టిందే నువ్వు గూడ కట్టినవు. ఉస్తాద్ గూడ తప్పు కడతడా అనుకున్న మొదలు. అటెన్క మీటర్ మీద మూడు పాయింట్ ఏడు చూసి ఆయన పోరనిలెక్క ఎగిరిండు. బండి కాలలే. అప్పుడు సమజైంది.

ఆయన కట్టినయి నేను విప్పిన. నేను విప్పినంకనే కాలింది.

ఆయన తిట్లు పడుకుంట, షాపు మూసుకుంట, నా మీద ఒక్క మాట రానియ్యలే. ఆయనకు ఎర్కయే ఉంటది, లోపల నా ముడి చూడలేదా? మరి నోరు తెరిచి చెప్తే ఏమైతది? నువ్వన్న చెప్పొచ్చు గద, మిషన్ మంచిగ చూసిన అని రాస్తవా? మనం ముగ్గురం మస్తు తెలివిగలోళ్లం అన్నా. ఒకలకొకలం చెప్పకుంట ఒక షాపునే మూసుకుంటుంటిమి.

నాకు తెలిసిందని ఆయనకు చెప్పకు. మంచిగ తింటాండు, పండుకుంటాండు, జర కొన్ని దినాలు గట్లనే ఉండనీ. నేనే చెప్త, నా చేతులు ఒణకకుంట ఉన్నప్పుడు. గని ఒక పని చెయ్యి. ఎర్రది, నల్లది ఎందుకు కలుపాలెనో నాకు ఎవరు చెప్పలే. ఓమ్ అంటే ఏందో, అది తక్కువైతే మిషన్ ఎందుకు మాడుతదో, నాకు సక్కగ రాసి పంపు. బొమ్మ గీసి నా పేరు మీద పంపు, ఆయన పేరు మీద కాదు. ఇగ మీద వైర్లు ముట్టాల్నంటే సమజైనంకనే ముడత.

రజియా వదిన తలుపుకు రంగు తక్కువైందట. ఇక్కడ డబ్బల సగం మిగిలింది, బస్సుల పంపుతాన.

బోర్డు ముచ్చట. నీ పేరు తుడువుమని ఆయన నాకు కిరసనాయిలు, గుడ్డపీలిక ఇచ్చిండు. తుడిచిన అని చెప్పిన. తుడువలే. తుడువుమనుడు ఆయన కోపంల చేసిన తప్పు, గందుకే పేరు మీద జంపఖానా తుకుడా కప్పి మొలలు కొట్టిన. ఇన్ని దినాల సంది దాని కిందికెల్లే పోతాండు, వస్తాండు, ఒక్కనాడు తలెత్తి చూడలే. సాంబయ్యను రావద్దని చెప్పిన. పొద్దుగాల ఆయన లేవకముందే మొలలు గుంజేస్త.

చెల్లె,
సరోజన